పొలంలో రైల్వే సర్వే మేకులు కొట్టారు. లైను వచ్చేసినట్టేనా?

చోడవరం_చిన్నోడు
మాది చోడవరం దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. నేను గాజువాకలో ఉద్యోగం. పండక్కి ఇంటికి వెళ్తే నాన్న ఒకటే కంగారు. మూడు కాళ్ల స్టాండు మీద మిషను పెట్టుకుని కొందరు వచ్చి, మా జీడితోట మధ్యలోంచి కొలుచుకుంటూ పోయారట. ఎర్ర రంగు పూసిన చెక్క మేకులు కొట్టారు. గెడ్డ మీద కల్వర్టు గోడకి బాణం గుర్తు గీసి పక్కన ఏవో అంకెలు రాశారు. అడిగితే "రైల్వే సర్వే" అన్నారు తప్ప ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది చెప్పలేదు.

మర్నాటి నుంచే బ్రోకర్లు మొదలు. ఒకాయన "ఇప్పుడే అమ్మేయండి, గవర్నమెంటు తీసుకుంటే చేతికి ఏమీ రాదు" అంటాడు. ఇంకొకాయన పక్క మెట్ట చూపించి "స్టేషన్ ఇక్కడే, సెంటు రేటు రెట్టింపు" అంటాడు. చెల్లి పెళ్లికి ఆ తోటలోనే ఒక ముక్క అమ్ముదాం అనుకున్నాం. ఇప్పుడు ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. అసలు లైను వేసే ముందు ఏమేం జరుగుతాయి? మేకు కొట్టారంటే భూమి పోయినట్టేనా?

సింహాచలం_నార్త్
ఏమీ కాదు, నిశ్చింతగా ఉండండి. నా చిన్నప్పటి నుంచీ పేపర్లో "కొత్త రైల్వే లైనుకు సర్వే" అని వార్త వస్తూనే ఉంది. సర్వే అవుతుంది, రిపోర్టు ఢిల్లీ వెళ్తుంది, అక్కడే ఉండిపోతుంది. మన జిల్లాలో ఎన్ని ఊళ్లు రైలు కోసం తరాలుగా ఎదురు చూస్తున్నాయో లెక్క లేదు.

గాజువాక_రాజు
బ్రోకర్ మాట విని మాత్రం సంతకం పెట్టకు తమ్ముడూ. రైలు రాకముందే "స్టేషన్‌కి రెండు నిమిషాలు" అని ఫ్లెక్సీ కట్టేస్తారు.

డంపీలెవెల్
రైల్వేలో సర్వే పనిలోనే ఉండి రిటైరయ్యాను. వివరంగా చెప్తాను.

కొత్త లైనంటే మామూలుగా మూడు దశల సర్వే. మొదటిది రికానజెన్స్, ఆర్ఈటీ అంటాం. దీనికి పొలాల్లో పెద్దగా దిగక్కర్లేదు. టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాపులు, శాటిలైట్ బొమ్మలు ముందేసుకుని, ఈ రెండు ఊళ్ల మధ్య లైను సాధ్యమేనా, ఎన్ని దారులున్నాయి, ఏరు ఎక్కడ దాటొచ్చు అని చూస్తారు. రెండోది ప్రిలిమినరీ, పీఈటీ. పరికరాలు పట్టుకుని నేల మీద తిరిగి, రెండు మూడు దారులు పోల్చి, దేనికెంత ఖర్చో అంచనా కడతారు. ఈ రెండింటిలోనూ ఇంజినీరింగ్‌తో పాటు ట్రాఫిక్ లెక్క కూడా ఉంటుంది. మూడోది ఫైనల్ లొకేషన్ సర్వే, ఎఫ్ఎల్ఎస్. పట్టాల మధ్యగీత కచ్చితంగా ఎక్కడ పడుతుందో నేల మీద గుర్తు పెట్టేది ఇందులోనే.

మేకుల వరస చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. 20 మీటర్లకొక మేకు, 100 మీటర్లకి ఇంకాస్త పెద్దది, 500 మీటర్లకీ వంపు మొదలయ్యే, ముగిసే చోట్లా కట్టిన దిమ్మ కనిపిస్తే అది ఎఫ్ఎల్ఎస్. అలా కాకుండా ఇక్కడొకటి, మళ్లీ ఎక్కడో దూరాన ఒకటి ఉంటే కొలతల కోసం పెట్టుకున్న కంట్రోల్ పాయింట్లు. కల్వర్టు మీద బాణం గుర్తు బహుశా టీబీఎం, అంటే తాత్కాలిక బెంచ్ మార్క్. చుట్టుపక్కల నేల ఎత్తులు లెక్క కట్టడానికి కదలని చోటు ఒకటి కావాలి, అందుకే గోడ మీద పెడతారు. లైను సరిగ్గా అక్కడే పోతుందని దానర్థం కాదు.

మీ నాన్నగారిని ఒకసారి తోటంతా నడిచి చూడమనండి. ఒక్క మేకు కూడా పీకొద్దు.

చోడవరం_చిన్నోడు
వీడియో కాల్‌లో చూపించారండి. మేకులు ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్నాయి. తోటలో రెండే కనిపించాయి. దిమ్మలు ఎక్కడా లేవు.

డంపీలెవెల్
అయితే ఇంకా మొదటి దశల్లోనే ఉన్నట్టుంది. దారి ఖరారు కాలేదు. ఇవాళ మీ తోటలో ఉన్న గీత రేపు గెడ్డ అవతలికి పోవచ్చు.

బెల్లం_దిమ్మ
ట్రాఫిక్ లెక్క గురించి నేను చెప్తాను. మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. చాలా ఏళ్ల కింద ఒక సర్వేకి మార్కెట్ యార్డుకి వచ్చారు. ఏ నెలలో ఎన్ని దిమ్మలు వస్తాయి, ఎటు పోతాయి, లారీకి బాడుగ ఎంత, రైలొస్తే పంపుతారా అని మా నాన్నగారిని కూర్చోబెట్టి అడిగారు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. పక్క కొట్టాయన మాత్రం, సేల్స్ టాక్స్ వాళ్లేమోనని భయపడి సగానికి సగం తగ్గించి చెప్పాడు!

అలా అందరూ తగ్గించి చెప్తే మన ప్రాంతంలో సరుకే లేదని రాసుకుని పోరూ?

వాల్తేరు_అప్‌లైన్
బెల్లం దిమ్మ గారూ, ఈసారి వస్తే మాడుగుల హల్వా కూడా లెక్కలో రాయించండి. నా ఒక్కడి పేరు మీదే ఒక వ్యాగన్ పోతుంది.

డంపీలెవెల్
బెల్లం దిమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. రైల్వే మొదట చూసేది పెట్టుబడి మీద రాబడి. బస్టాండ్లో జనాన్ని, రోడ్డు మీద లారీలను లెక్కపెడతారు. క్వారీలు, మిల్లులు, సంతలు తిరుగుతారు. లైను వేశాక అందులో ఎంత రైలు మీదకి మళ్లుతుందో అంచనా కడతారు. రాబడి శాతం రైల్వే పెట్టుకున్న హద్దుకి చేరకపోతే, వెనకబడిన ప్రాంతం, రక్షణ అవసరం లాంటి వేరే కారణం చూపిస్తే తప్ప ఫైలు కదలడం కష్టం. సింహాచలం నార్త్ గారి బాధ నాకు అర్థమైంది. చాలా సర్వేలు ఆగిపోయేది ఇక్కడే.

సింహాచలం_నార్త్
అదే నా బాధ కూడా. రైలు లేదు కాబట్టి ఫ్యాక్టరీ రాదు, ఫ్యాక్టరీ లేదు కాబట్టి సరుకు లేదు, సరుకు లేదు కాబట్టి రైలు రాదు. ఈ లెక్కతో అయితే మన్యం ఊళ్లకి ఎప్పటికీ రాదు.

కేకే_కిటికీసీటు
కేకే లైను మరి? 1960లలో కొత్తవలస నుంచి కిరండుల్ దాకా ఆ కొండల్లో వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి తెచ్చి జపాన్‌కి ఎగుమతి చెయ్యాలి, ఆ సరుకు గ్యారంటీగా ఉంది. అందుకే జపాన్ సాయం కూడా దొరికింది. మనం అరకు వెళ్తూ కిటికీలోంచి చూసి మురిసిపోయే 58 సొరంగాలూ ఖనిజం కోసం తవ్వినవే, మన కోసం కాదు.

డంపీలెవెల్
కేకే లైను మాట వచ్చింది కాబట్టి అలైన్‌మెంట్, అంటే లైను ఎటు, ఎంత ఎత్తున పోవాలో తేల్చే సంగతి చెప్పాలి. ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన పని అది.

రైలుకి ఎత్తు ఎక్కడం చాలా కష్టం. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారిపోతుంది. ఆ లైన్లో రూలింగ్ గ్రేడియంట్, అంటే లెక్కకి పెట్టుకునే గరిష్ఠ వాలు, 60కి 1. అంటే 60 మీటర్లు ముందుకి పోతే 1 మీటరు పైకి. ఖనిజం బండ్లు కిందికి దిగేటప్పుడు నిండుగా, ఎక్కేటప్పుడు ఖాళీగా ఉంటాయి కాబట్టి అంత వాలు కుదిరింది. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కాలంటే ఆ వాలుతో కనీసం 60 కిలోమీటర్ల పట్టా కావాలి. కొండ అంత చోటు ఇవ్వదు. అందుకే లైను కొండ నడుం చుట్టూ తిరిగి, అడ్డొచ్చిన చోట సొరంగంలో దూరి, మళ్లీ లోయ మీద వంతెన ఎక్కుతుంది. ఎక్కడ తిరగాలి, ఎక్కడ దూరాలి అని తేల్చింది ఆ అడవుల్లో గొలుసులు, లెవెల్ మిషన్లు మోసుకుని నడిచిన మనుషులు. ఇప్పుడు డ్రోన్లు, లేజర్ కిరణాలతో నేలని కొలిచే లైడార్ వచ్చాయి. పొదల కింద నేల కూడా దొరికిపోతుంది. అయినా ఒకసారి నడవాల్సిందే.

పల్లంలో ఇంకో చిక్కు. కొత్త లైన్లలో వాలు వీలైనంత తక్కువ ఉంచుతారు. స్టేషన్ ఉండే చోటు అయితే దాదాపు సమతలం కావాలి, 1200కి 1 ఉంటే మంచిది. నేల ఎగుడు దిగుడుగా ఉంటే పల్లంలో కట్ట పోయాలి, మెట్టలో కోత కొయ్యాలి. కట్ట 6 మీటర్ల ఎత్తు అనుకోండి. సింగిల్ లైనుకి పైన వెడల్పు 7.85 మీటర్లు. రెండు పక్కలా ఏటవాలు ఒకటికి రెండు చొప్పున దిగితే అడుగున దాదాపు 32 మీటర్లు. పైన కనిపించేది ఒక్క పట్టా, కింద పోయే నేల అంత. అందుకే గీత ఎటు పోతుందన్నది ఎంత ముఖ్యమో, ఎంత ఎత్తున పోతుందన్నదీ అంతే ముఖ్యం. ఊళ్లో అందరూ మొదటిదే అడుగుతారు, రెండోది ఎవరూ అడగరు.

ఎంవీపీ_అనూరాధ
ఈ రెండోది అడగకపోవడం వల్లే మా అమ్మగారి ఊరు నరకం చూస్తోంది. అక్కడ రైల్వే గేటు తీసేసి కింద నుంచి అండర్‌పాస్ కట్టారు. వానొస్తే నడుంలోతు నీళ్లు. స్కూలు పిల్లలు పట్టాలెక్కి దాటుతున్నారు. ఒకసారి నిండు గర్భిణిని మంచం మీద మోసుకుని పట్టాల మీంచి ఇవతలికి తెచ్చారు, ఆంబులెన్సు అటువైపు రాలేక. ఎన్ని అర్జీలు పెట్టినా మోటారు పెట్టి తోడతాం అంటారు. కట్టేముందు ఎవరైనా ఊరి పెద్దల్ని "వాన నీళ్లు ఎటు పోతాయి" అని ఒక్క మాట అడిగి ఉంటే ఇలా అయ్యేదా?

డంపీలెవెల్
అమ్మా, మీరు చెప్పినది చదివి మనసు కలుక్కుమంది. కొత్త లైన్లలో లెవెల్ క్రాసింగులు పెట్టడం లేదు. దాటే ప్రతి బాటకీ పైన వంతెనో కింద దారో కట్టాలి. కాబట్టి చోడవరం బాబు ఊళ్లో కూడా ఈ ప్రశ్న వస్తుంది. కట్ట ఎత్తుగా ఉంటే కింద దారి నేల మట్టానికే వస్తుంది, నీళ్లు నిలవవు. కట్ట తక్కువైతే గొయ్యి తవ్వి దారి వేస్తారు, అక్కడే నీళ్లు చేరేది.

వరద సంగతీ అంతే. వంతెన కింద ఎంత ఖాళీ వదలాలో తేల్చడానికి 50 ఏళ్లకోసారి వచ్చే వరద, ముఖ్యమైన వంతెనలకి 100 ఏళ్లకోసారి వచ్చే వరద లెక్కలోకి తీసుకుంటాం. గెడ్డలకి నీటిమట్టం కొలిచి రాసిన గేజీ రికార్డులు ఎక్కడుంటాయి? అందుకని ఊళ్లోకి వెళ్లి ముసలివాళ్లని అడుగుతాం. శారదా నది పక్కన ఒక ఊళ్లో ఒకావిడ మమ్మల్ని రామాలయం దగ్గరికి తీసుకెళ్లి, మెట్ల పక్క గోడ మీద అరచెయ్యి ఆనించి "నా పెళ్లయిన ఏడు నీళ్లు ఇక్కడి దాకా వచ్చాయి" అని చూపించింది. మావాడు ఆవిడ చెయ్యి తియ్యకముందే దాని కింద సుద్దతో గీత గీశాడు. డ్రాయింగులో హెచ్ఎఫ్ఎల్, అంటే వరద వచ్చిన అత్యధిక మట్టం, అని వేసింది ఆ గీతే.

గెడ్డగట్టు
మా ఊరి రామాలయం మెట్ల దాకా నీళ్లు రావడం మా తాత కూడా చెప్పేవాడు. అది ఏ ఊరో చెప్తారా?

డంపీలెవెల్
ఊరి పేరు వద్దులెండి. ఏటి పక్క ప్రతి ఊళ్లోనూ అలాంటి గోడ ఒకటి ఉంటుంది.

సింహాచలం_నార్త్
ఇదంతా బాగుంది గానీ, రిపోర్టు అయ్యాక ఏమవుతుందో కూడా చెప్పండి. అక్కడే కదా ఏళ్లు పోయేది. కోటిపల్లి–నరసాపురం 57 కిలోమీటర్లు. 2000-01లో మంజూరైంది, బాలయోగి గారు స్పీకర్‌గా ఉన్న రోజుల్లో. గౌతమి, వైనతేయ, వశిష్ట మూడు పాయల మీద వంతెనలు. కోనసీమ జనం ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. మంజూరైన లైనుకే ఈ గతి అయితే సర్వే దశలో ఉన్నదానికి ఎవరు భరోసా?

డంపీలెవెల్
సర్వే రిపోర్టు జోన్ నుంచి రైల్వే బోర్డుకి పోతుంది. డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల రిపోర్టు, తయారవుతుంది. ఇప్పుడు కేంద్రం గతిశక్తి ప్రణాళిక వచ్చాక, అంటే 2021 తర్వాత, హైవేలు, పైపులైన్లు, అడవి సరిహద్దులు అన్నీ ఒకే మ్యాపు మీద పెట్టి చూస్తారు. నీతి ఆయోగ్ చూస్తుంది, ఆర్థిక శాఖ చూస్తుంది, పెద్ద ప్రాజెక్టయితే కేంద్ర క్యాబినెట్ కమిటీ దాకా పోవాలి. ఆ తర్వాత పింక్ బుక్కులో, అంటే ఏ పనికి ఎంత డబ్బో చూపించే రైల్వే బడ్జెట్ పుస్తకంలో, పేరు, దాని పక్కన డబ్బు. పేరుండి డబ్బు నామమాత్రంగా ఉంటే పని నడవదు. కోటిపల్లి విషయంలో మీరు చెప్పింది కాదనను. రాష్ట్రం ఇవ్వాల్సిన వాటా, భూమి, గోదావరి వంతెనల ఖర్చు అన్నీ కలిసి లాగేశాయి.

కానీ అన్నీ అలాగే ఉండవు. అమరావతి లైను చూడండి, ఎర్రుపాలెం–అమరావతి–నంబూరు. అదీ 57 కిలోమీటర్లే. 2024 అక్టోబరులో 2,245 కోట్లకి క్యాబినెట్ ఒప్పుకుంది. కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన కట్టాలి. అదే ఏడాది ఆగస్టులో మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం లైనుకీ ఆమోదం వచ్చింది, 173 కిలోమీటర్ల పైన.

సింహాచలం_నార్త్
రాజధాని కాబట్టి వచ్చింది. చోడవరం రాజధాని కాదు. నేను ఒప్పుకోను సార్.

వాల్తేరు_అప్‌లైన్
ఇద్దరూ నిజమే చెప్తున్నారు. నాకు మాత్రం మన వైజాగ్ స్టేషనే పెద్ద పాఠం. విజయవాడ నుంచి వచ్చి హౌరా వైపు పోయే బండి ఇక్కడికి వస్తే ఇంజను ఇటు నుంచి అటు మార్చుకోవాలి. ఆ టైము దండగని కొన్ని బండ్లు సిటీలోకే రాకుండా దువ్వాడలో ఆగి అట్నుంచి అటే పోతాయి. అర్ధరాత్రి లగేజీతో దువ్వాడ నుంచి ఎంవీపీకి ఆటో మాట్లాడుకున్నవాళ్లకి తెలుస్తుంది ఆ కష్టం. ఎప్పుడో ఎవరో కాగితం మీద గీసిన గీత. ఇవాళ జోన్ హెడ్‌క్వార్టర్స్ వచ్చినా ఆ గీత మారదు.

అడంగల్_1బి
భూమి సంగతి ఎవరూ చెప్పలేదు. నేను రెవెన్యూ కేసులు చూసే లాయర్ని.

చోడవరం తమ్ముడూ, సర్వే మేకుకి చట్టంలో భూసేకరణ అన్న అర్థం లేదు. రైల్వే చట్టం 1989లో 2008లో చేర్చిన అధ్యాయం కింద తీసుకుంటే సెక్షన్ 20ఏ నోటిఫికేషన్, అంటే ఈ భూమి తీసుకోబోతున్నామన్న ప్రకటన, గెజిట్లో రావాలి. దాని సారాంశం రెండు స్థానిక పేపర్లలో వెయ్యాలి, అందులో ఒకటి తెలుగు. ఆ తేదీ నుంచి 30 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు, అధికారి మీ మాట వినాలి. ఆ తర్వాత సెక్షన్ 20ఈ డిక్లరేషన్, అంటే తీసుకుంటున్నామన్న ఖరారు ప్రకటన. ఏడాదిలో అది రాకపోతే మొదటి నోటిఫికేషన్ చెల్లదు. డబ్బు విషయానికొస్తే 2015 నుంచి 2013 భూసేకరణ చట్టం లెక్కే రైల్వేకీ వర్తిస్తుంది. మార్కెట్ విలువ, దాని మీద చెట్లు, బావి, కట్టడాల విలువ, మొత్తం మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం. "ఏమీ రాదు" అన్న బ్రోకర్ని ఇంటి గుమ్మం ఎక్కనివ్వొద్దు.

నోటిఫికేషన్ లేదు కాబట్టి పెళ్లికి ముక్క అమ్ముకోవడానికి అడ్డేమీ లేదు. కొనేవాళ్లకి మేకుల సంగతి దాచకుండా చెప్పండి, రేపు గొడవ రాదు. ఈలోపు చెయ్యాల్సిన పని ఒకటుంది. 1బి, అడంగల్ (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డులు) నాన్నగారి పేరు మీద ఉన్నాయా, తాతగారి పేరు మీదే ఉండిపోయాయా? జీడితోట అని ఎక్కిందా, బీడు అని ఉందా? నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఇక్కడే పోతాయి. భూమి పోయి, చెట్లకి పైసా రాక, అన్నదమ్ముల మధ్య తగువు తేలక పరిహారం కోర్టులో మూలుగుతూ ఉంటుంది.

చోడవరం_చిన్నోడు
లాయర్ గారూ, ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది. నాన్న, ఇద్దరు చిన్నాన్నలు. నోటి మాట మీద పంచుకున్నారు.

అడంగల్_1బి
అయితే ముందు పంపకం కాగితం రాయించుకుని రిజిస్టర్ చేయించండి, రికార్డుల్లో పేర్లు మార్చడానికి మ్యుటేషన్ పెట్టండి. అది కాకుండా అమ్మినా చిక్కే. చిన్నాన్నలు సంతోషంగా ఉన్నప్పుడే పూర్తి చెయ్యండి.

గెడ్డగట్టు
మరి లైను తోటలోంచి కాకుండా పక్కకి జరపమని అడిగితే వింటారా? మాలాంటి వాళ్ల మాట ఎవరికి కావాలి, ఎంపీ గారో ఎమ్మెల్యే గారో చెప్తే తప్ప.

డంపీలెవెల్
"నా తోట వద్దు" అంటే వినరు, పక్కవాళ్లూ అదే అంటారు. "ఇక్కడ చెరువు అలుగు ఉంది, కట్ట పోస్తే ఆయకట్టుకి నీళ్లు ఆగుతాయి" అని సర్వే నంబరుతో రాసిస్తే ఆ కాగితం ఫైల్లో చేరుతుంది. గీత ఖరారయ్యే లోపు ఒక వంపుని పక్కకి నెట్టడం వీలవుతుంది. నేను ఉన్నప్పుడు ఒక ఊరి శ్మశానం తప్పించడానికి వంపు మార్చాం. పొడవు కొంచెం పెరిగింది, పెద్ద ఖర్చు కాలేదు. టెండరు పిలిచాక ఎవరు చెప్పినా ఆ పని అవ్వదు. రాజకీయ నాయకులు వచ్చేది ఎక్కువగా అప్పుడే, శంకుస్థాపన ఫొటో దగ్గర.

బాబూ, మీ ఊరు వాళ్లు గ్రామసభలో కూర్చుని ఎద్దుల బండి బాటలు, గెడ్డలు, అలుగులు, తాగునీటి బోర్లు, వరద ఎక్కడి దాకా వచ్చిందో, పిల్లలు బడికి ఏ దారిన పోతారో ఒక కాగితం మీద బొమ్మ గీయండి. కాపీ కలెక్టర్ ఆఫీసుకి, కాపీ రైల్వే కన్‌స్ట్రక్షన్ ఆఫీసుకి ఇచ్చి రసీదు తీసుకోండి.

ఎంవీపీ_అనూరాధ
ఆ కాగితంలో అండర్‌పాస్ నీళ్ల సంగతి మొదటి పేరాలోనే రాయండి. మా ఊరి ఫొటోలు కావాలంటే పంపిస్తాను, జత చెయ్యండి.

చోడవరం_చిన్నోడు
తప్పకుండా పంపండి అక్కా. ఆదివారం సర్పంచ్ గారితో మాట్లాడతాను. చిన్నాన్నలకి కూడా ఫోన్ చేశాను, పంపకం కాగితానికి ఒప్పుకున్నారు.

సింహాచలం_నార్త్
రైలు వస్తుందని నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ కాగితం రాయడం మాత్రం మానకండి. మావాళ్లు ఎప్పుడూ రాయలేదు.

పెందుర్తి_పద్మ
మా ఇల్లు ఇప్పుడున్న రైలు పట్టాల పక్కనే. మూడో లైను అంటున్నారు. దానికి కూడా ఇలాగే మేకులు కొడతారా?

డంపీలెవెల్
దానికి ఊరంతా వెతకడం ఉండదమ్మా. ఇప్పుడున్న పట్టాల పక్కనే వేస్తారు. పట్టా మధ్య నుంచి పట్టా మధ్యకి కనీసం 5.3 మీటర్లు ఉండాలి. స్టేషన్లు, వంతెనలు, వంపుల దగ్గర ఇంకా ఎక్కువ జరగొచ్చు. మీ గోడ బయట రైల్వే హద్దు రాళ్లు ఉంటాయి. వాటికి లోపలే లైను సరిపోతే మీ స్థలం జోలికి రారు. రాయి, గోడ రెండూ కనిపించేలా ఒక ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.